బెంగళూరు నుంచి విదేశాలకు ఉచిత కాల్స్: ఏ యాప్ ఎక్కడ పనికొస్తుంది

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు తెలుగు ఇళ్ళలో విదేశానికి ఫోన్ వెళ్ళని రోజు తక్కువ. కూతురు డల్లాస్‌లో, తమ్ముడు దుబాయ్‌లో, రాజంపేట నుంచి వెళ్ళిన బాబాయి కువైట్‌లో. ముగ్గురికీ ఒకే యాప్‌తో సరిపెట్టాలని చూస్తే ఎవరో ఒకరి దగ్గర ఇబ్బంది తప్పదు. ముందు అవతలివాళ్ళు ఏ దేశంలో ఉన్నారో చూడాలి, తర్వాత వాళ్ళ చేతిలో ఏ ఫోన్ ఉందో చూడాలి, యాప్ సంగతి ఆ తర్వాతే.

ఉచితం అంటే ఏమిటో ముందే తేల్చుకుందాం. రెండు వైపులా ఇంటర్నెట్ ఉండాలి, రెండు వైపులా అదే యాప్ ఉండాలి. అప్పుడు నిమిషానికి ఇంత అని ఎవరూ అడగరు, డేటా మాత్రం ఖర్చవుతుంది. గొంతు కాల్‌కు సెకనుకు సుమారు 24 కిలోబిట్ల ధ్వని వెళ్తుంది అనుకుందాం. ఆ ధ్వని చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది, ప్రతి ప్యాకెట్ మీదా చిరునామా రాసినట్టుగా హెడర్లు ఉంటాయి, వాటికి ఇంకో 16 కిలోబిట్లు. రానూ పోనూ కలిపి 80. అంటే నిమిషానికి 600 కిలోబైట్లు, గంటకు 36 ఎంబీ. వీడియో కాల్ ఒక్కో వైపు అర మెగాబిట్ తీసుకున్నా గంటకు 450 ఎంబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్ళు మూడు గంటలకు పైగా వీడియోలో మాట్లాడొచ్చు, గొంతు కాల్ అయితే లెక్కే పెట్టుకోనక్కర్లేదు.

వాట్సాప్

అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా, కువైట్. ఈ నాలుగు దిక్కులకూ మొదట వాడాల్సింది ఇదే. కారణం నాణ్యత కంటే అలవాటు. అనంతపురంలో ఉన్న అమ్మమ్మ ఫోన్‌లో కూడా అది ముందే ఉంటుంది, కొత్తగా నేర్పాల్సిన పని లేదు. 2015లో గొంతు కాల్స్, 2016 నవంబరులో వీడియో కాల్స్ వచ్చాయి. ఇప్పుడు ఒక కాల్‌లో 32 మంది వరకు కలవొచ్చు. సమయం పరిమితి లేదు. సీమంతం, నామకరణం లాంటివి దూరం నుంచి చూపించడానికి ఇది చాలు.

సెట్టింగ్స్‌లో మూడు చోట్ల చెయ్యి పెట్టాలి. స్టోరేజ్ అండ్ డేటాలో ‘యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్’ అని ఉంటుంది. అవతలివాళ్ళు పల్లెలో బలహీనమైన సిగ్నల్ మీద ఉంటే దాన్ని వాళ్ళ ఫోన్‌లో ఆన్ చేయించండి. మంచి ఫైబర్ ఉన్న ఇంట్లో ఆన్ చేస్తే గొంతు పల్చబడుతుంది, లాభం ఏమీ ఉండదు. ప్రైవసీలో కాల్స్ కింద ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఉంటుంది, దీని గురించి కింద చెప్తాం. ప్రైవసీలోనే అడ్వాన్స్‌డ్‌లో ‘ప్రొటెక్ట్ ఐపీ అడ్రస్ ఇన్ కాల్స్’ ఉంటుంది, ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్‌లో మీ ఫోన్ చిరునామా. అది ఆన్ చేస్తే కాల్ నేరుగా ఫోన్ నుంచి ఫోన్‌కు వెళ్ళకుండా కంపెనీ సర్వర్ల మీదుగా తిరిగి వెళ్తుంది, నాణ్యత తగ్గొచ్చని యాప్‌లోనే రాసి ఉంటుంది. ఇంట్లోవాళ్ళతో మాత్రమే మాట్లాడేవాళ్ళకు అది అవసరం లేదు.

దీంతో చేయలేని పని ఒకటుంది. మామూలు ల్యాండ్‌లైన్‌కు, యాప్ లేని మొబైల్‌కు చేయలేరు. అత్యవసర నంబరు 112కి కూడా వెళ్ళదు.

దుబాయ్, అబుదాబి, షార్జా

వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, ఫోటో వెళ్తుంది, వాయిస్ మెసేజ్ వెళ్తుంది. కాల్ మాత్రం ‘కనెక్టింగ్’ దగ్గరే ఆగిపోతుంది, లేదా కలిసినా మాట వినపడదు. ఫోన్ పాడైందని దుకాణానికి తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు, అందుకే గట్టిగా చెప్తున్నాం: అది ఫోన్ లోపం కాదు. ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్స్‌కు అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, వాట్సాప్ కాల్స్‌కు ఆ అనుమతి లేదు.

అనుమతి ఉన్నవాటిలో మన ఇళ్ళకు పనికొచ్చేవి బోటిమ్, గూగుల్ మీట్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్. రోజువారీ పలకరింపులకు బోటిమ్ బాగుంటుంది. ఫోన్ నంబరుతోనే నమోదవుతుంది, అవతల మామూలు ఫోన్‌లాగే మోగుతుంది. అయితే ఇక్కడ బెంగళూరులో ఉన్నవాళ్ళు కూడా దాన్ని పెట్టుకోవాలి. ఈ సంగతి మరిచిపోయి ‘యాప్ వేసుకున్నా కాల్ కలవట్లేదు’ అంటుంటారు. ప్రకటనలు, డబ్బు పంపే సేవల బొమ్మలు తెర మీద ఎక్కువ. పెద్దవాళ్ళకు కాల్ బటన్ ఎక్కడుందో ఒకసారి వేలితో చూపించి అలవాటు చేయించాలి. కొత్త యాప్ వద్దనుకుంటే మీట్ మేలు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది ముందే ఉంటుంది.

వీపీఎన్ (మీరున్న చోటు దాచి నెట్ నడిపే యాప్) పెట్టి వాట్సాప్ కాల్ చేసుకోమని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినకండి. అక్కడి సైబర్ నేరాల చట్టం ప్రకారం, ఐపీ చిరునామా మార్చి నేరం చేసినా, ఆ నేరాన్ని దాచినా జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. నెల జీతం మీద ఇల్లు నడిపే మనిషిని ఒక ఫోన్ కాల్ కోసం ఆ అంచుకు నెట్టకూడదు. వేరే దారి ఉన్నప్పుడు ఆ దారినే వెళ్ళాలి.

సౌదీ 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది, అదీ నిబంధనలకు లోబడిన యాప్‌లకు మాత్రమే. అక్కడికి కొత్తగా వెళ్ళేవాళ్ళు మీట్ లాంటి రెండో యాప్ ఒకటి ఇక్కడే, విమానం ఎక్కకముందే ఇద్దరి ఫోన్లలోనూ వేసి ఒకసారి మాట్లాడి చూసుకోవాలి.

గల్ఫ్ ఇళ్ళలో ఒకప్పుడు ఇమో అనే కాల్ యాప్ బాగా నడిచేది. 2023 మేలో కేంద్రం నిషేధించిన 14 యాప్‌లలో అదీ ఉంది. పాత ఫోన్‌లో ఐకాన్ మిగిలి ఉంటే తీసేయండి. చైనాలో చదివే వైద్య విద్యార్థులది ఇంకో చిక్కు. అక్కడ వాట్సాప్ ఆపేశారు, ఇక్కడ వీచాట్‌ను 2020 జూన్‌లో ఆపేశారు. వాళ్ళకు టీమ్స్ ప్రయత్నించండి.

మిగతావి క్లుప్తంగా

గూగుల్ మీట్‌లో ఇద్దరే ఉంటే 24 గంటల దాకా ఉచితం, ముగ్గురైతే 60 నిమిషాలకు ఆగిపోతుంది. జూమ్ 40 నిమిషాలకే. కుటుంబమంతా కూర్చుని మాట్లాడే ఆదివారాలకు జూమ్ వద్దు, అందరూ నవ్వుతుండగా కట్ అవుతుంది. సిగ్నల్ యాప్‌లో ధ్వని శుభ్రంగా ఉంటుంది, ప్రకటనలు లేవు, కానీ అవతలివాళ్ళ చేత వేయించడమే కష్టం. రెండు వైపులా ఐఫోన్ ఉంటే ఫేస్‌టైమ్‌కు సాటి లేదు. ఒకవైపే ఉంటే ఐఫోన్ వాళ్ళు లింక్ పంపొచ్చు, ఆండ్రాయిడ్ వాళ్ళు బ్రౌజర్‌లో తెరుచుకోవచ్చు, 2021 నుంచి ఈ వీలుంది. మన చెన్నై కంపెనీ జోహో చేసిన అరట్టైలోనూ కాల్స్ ఉన్నాయి. తమిళంలో అరట్టై అంటే ముచ్చట్లు. పేరు ముద్దుగా ఉంది, మీ చుట్టాలు అందులో ఉంటేనే ఉపయోగం.

స్కైప్ పోయాక మిగిలిన ఖాళీ

2003లో మొదలైన స్కైప్ 2025 మే 5న మూతపడింది. చాలామందికి అది వీడియో యాప్‌గా గుర్తు. నిజానికి దాని అసలు విలువ వేరే చోట ఉండేది. అమెరికాలో చదువుకుని బెంగళూరు వచ్చేసినవాళ్ళు అక్కడి బ్యాంకుకు, విశ్వవిద్యాలయానికి, బీమా కంపెనీకి ఫోన్ చేయాలి. ఆ నంబర్లలో చాలావరకు 800 లాంటి అంకెలతో మొదలయ్యే టోల్ ఫ్రీ నంబర్లు. వాటికి స్కైప్ నుంచి పైసా లేకుండా వెళ్ళేది. వాట్సాప్ ఆ పని చేయదు.

ఇప్పుడున్న దారుల్లో మంచిది గూగుల్ వాయిస్. అమెరికాలో ఉండగానే, అక్కడి నంబరుతో ఖాతా తెరుచుకోవాలి, ఇక్కడికి వచ్చాక తెరవడం కుదరదు. ఖాతా ఉంటే బ్రౌజర్‌లోంచి అమెరికా, కెనడా నంబర్లకు చేసే కాల్స్ చాలా వరకు ఉచితం. తిరిగి వచ్చే ఆలోచన ఉన్న పిల్లలకు తప్పకుండా చెప్పండి, టికెట్ కొన్న రోజే ఈ పని చేసుకోమని. అది లేకపోతే వైబర్ అవుట్‌లో డబ్బు వేసి ల్యాండ్‌లైన్‌కు చేయొచ్చు, ఇది ఉచితం కాదు. ఇండియా నుంచి ఇంటర్నెట్ ద్వారా విదేశీ ఫోన్ నంబరుకు మాట్లాడటం 2002 ఏప్రిల్ 1 నుంచి చట్టబద్ధమే కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

భయపడాల్సింది దీనికి ఎదురు దిశలో ఉంది. విదేశంలో ఉన్నవాళ్ళకు ‘ఇండియాలోని ఏ మొబైల్‌కైనా ఫ్రీ’ అని చెప్పే పేరూ ఊరూ తెలియని యాప్‌లు ఉంటాయి. విదేశం నుంచి వచ్చే ప్రతి కాల్‌కూ ఇక్కడి టెలికాం కంపెనీకి నిమిషానికి ఇంత అని కట్టాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని 2018లో 53 పైసల నుంచి 30కి తగ్గించింది, 2020లో 35 నుంచి 65 పైసల మధ్య మాట్లాడుకోమంది. ఉచితమన్న యాప్ ఈ డబ్బు ఎక్కడి నుంచి కడుతుంది? కొన్ని కట్టనే కట్టవు. కాల్‌ను ఇంటర్నెట్ మీద ఇక్కడికి తెచ్చి, ఒక గదిలో దాచిన సిమ్ బాక్సులోకి (ఎన్నో సిమ్‌లను ఒకేసారి నడిపే పెట్టెలోకి) పంపి, లోకల్ కాల్‌గా మార్చేస్తాయి. 2021 జూన్‌లో బెంగళూరులోనే ఇలాంటి 32 పెట్టెలు పట్టుబడ్డాయి, ఒకేసారి 960 సిమ్‌లు నడిపేంత ఏర్పాటు. గుర్తుపట్టడం తేలిక: అమెరికాలో ఉన్న అన్నయ్య ఫోన్ చేస్తే మీ తెర మీద +91తో ముక్కూ మొహం తెలియని నంబరు, ప్రతిసారీ వేరే నంబరు. అలా వస్తే ఆ యాప్ మానేయమని చెప్పండి. ఆ దారిన పోయే కాల్‌కు రహస్యం ఉండదు, మధ్యలో ఎవరైనా వినొచ్చు.

గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంటే

యాప్ మార్చే ముందు ఇల్లు చూసుకోండి. పదింట ఎక్కువసార్లు దోషం రౌటర్‌కూ ఫోన్‌కూ మధ్య ఉన్న నాలుగు గోడల్లోనే ఉంటుంది.

మొదట ఎవరి వైపు తప్పో తేల్చాలి. వాళ్ళ మాట మీకు తెగుతోందా, మీ మాట వాళ్ళకు తెగుతోందా అడగండి. మీ మాటే తెగుతుంటే మీ అప్‌లోడ్, అంటే మీ వైపు నుంచి డేటా బయటికి వెళ్ళే దారి, చూడాలి. వాళ్ళ మాట తెగుతుంటే ఒక నిమిషం మీరు వైఫై ఆపి మొబైల్ డేటాకు మారండి. బాగుపడితే మీ వైఫై, బాగుపడకపోతే వాళ్ళను అలాగే మారమనండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తుంటే మాత్రం దోషం అవతలి ఫోన్‌ది. వాళ్ళ స్పీకర్‌లోంచి వచ్చిన మీ మాట వాళ్ళ మైకులోకే దూరుతోంది. స్పీకర్ ఆపి చెవి దగ్గర పెట్టుకోమంటే పోతుంది.

అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కిక్కిరిసి ఉంటుంది. అందులో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్ళు 1, 6, 11 మూడే. చుట్టూ ఇరవై ఇళ్ళ రౌటర్లు వాటినే పంచుకుంటాయి. ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. అది గోడలు దాటడంలో బలహీనం, కాబట్టి రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని మాట్లాడాలి. రౌటర్‌ను టీవీ వెనక, చెప్పుల స్టాండ్ మీద అల్మారాలో దాచిన ఇళ్ళలో ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా ఇంతే.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా అదే 2.4లో నడుస్తుంది. పైగా మైకు వాడాల్సి వచ్చేసరికి అది పాటలు వినే పద్ధతి వదిలి కాల్ పద్ధతిలోకి దిగుతుంది, ధ్వని నాణ్యత బాగా పడిపోతుంది. ‘పాటలు బాగా వస్తున్నాయి, కాల్‌లోనే డబ్బాలోంచి మాట్లాడినట్టుంది’ అనేది ఇందుకే. వైరు ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి.

అసలు ఎవరూ అనుమానించనిది అప్‌లోడ్. ఇంట్లో ఎవరి ఫోనో ఊరి పెళ్ళి వీడియోలను గూగుల్ ఫోటోస్‌కు ఎక్కిస్తుంటుంది, గుమ్మం దగ్గర సీసీ కెమెరా క్లౌడ్‌కు పంపుతుంటుంది. రౌటర్‌లో వరుస పెరిగి మీ మాట ప్యాకెట్లు ఆ వరుస చివర నిలబడతాయి. ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి, వేగం చూపించాక మరిన్ని వివరాలు నొక్కితే రెండు లేటెన్సీ (డేటా వెళ్ళి రావడానికి పట్టే ఆలస్యం) అంకెలు కనిపిస్తాయి, లోడ్ లేనప్పుడు ఒకటి, ఉన్నప్పుడు ఒకటి. రెండోది 200 మిల్లీసెకన్లు దాటితే ఇదే జబ్బు. కాల్ సమయంలో బ్యాకప్ ఆపడమే తక్షణ మందు, రౌటర్‌లో క్యూఓఎస్ (కాల్ ప్యాకెట్లను వరుసలో ముందుకు పంపే సెట్టింగ్) ఉంటే అది శాశ్వత మందు. ప్లాన్‌ను 100 నుంచి 300 ఎంబీపీఎస్‌కు పెంచుకోవడం ఈ పని కోసమైతే దండగ. గొంతు కాల్‌కు కావాల్సింది 0.1 ఎంబీపీఎస్ కూడా కాదు.

ఇంత చేసినా అమెరికా కాల్‌లో ఒక చిన్న ఆలస్యం ఉంటుంది, అది ఏ యాప్‌తోనూ పోదు. బెంగళూరుకు సముద్రం లేదు, మన డేటా చెన్నైకో ముంబైకో వెళ్ళి అక్కడ సముద్రపు కేబుల్ ఎక్కాలి. గాజు తీగలో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. న్యూయార్క్‌కు తిన్నగా గీత గీసినా 13,000 కిలోమీటర్లు దాటుతుంది, అంటే ఒకవైపుకే 65 మిల్లీసెకన్ల పైన. కేబుల్ వంకర్లు, ఫోన్లలో పట్టే సమయం కలిపితే రెట్టింపు దాటుతుంది. ఒకవైపు ఆలస్యం 150 దాకా హాయిగా ఉంటుందని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ లెక్క. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ‘నువ్వు చెప్పు’, ‘కాదు నువ్వు చెప్పు’ అనుకోవడం దీనివల్లే. వాక్యం ముగించి ఒక్క క్షణం ఆగే అలవాటు చేసుకుంటే గొడవ తగ్గుతుంది.

పీజీలలో ఉండే పిల్లలకు ఒక్క మాట. కారిడార్‌లో ఉన్న ఒక్క రౌటర్ మీద ముప్పై మంది రాత్రి 10 గంటలకు వేలాడుతుంటారు. ఆ సమయంలో కాల్ మొబైల్ డేటా మీదే చేయండి. ఇళ్ళలో కరెంటు పోయినప్పుడు కాల్ కట్ అవకూడదంటే రౌటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టండి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. ఫైబర్ పెట్టె వేరుగా ఉంటే దానికీ కరెంటు అందాలి, లేకపోతే రౌటర్ వెలుగుతున్నా నెట్ రాదు.

ఫోన్ మోగకపోతే

‘చేశానమ్మా, నువ్వే ఎత్తలేదు’ అని కొడుకు, ‘మోగనే లేదురా’ అని తల్లి. ఇద్దరిదీ నిజమే. రెడ్‌మీ, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వాడని యాప్‌ను నిద్రపుచ్చుతాయి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్ళి, ఆ యాప్ నొక్కి, బ్యాటరీలో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ లేదా ‘నో రిస్ట్రిక్షన్స్’ పెట్టండి. రెడ్‌మీలో ఆటోస్టార్ట్ అని వేరే స్విచ్ ఉంటుంది, దాన్నీ వేయాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు విడిగా అనుమతి ఇవ్వాలి. బోటిమ్ కొత్తగా వేసిన రోజు ‘డోంట్ అలౌ’ నొక్కేసి ఉంటే అది ఎప్పటికీ మోగదు. చివరగా రాత్రిపూట డు నాట్ డిస్టర్బ్ ఎన్ని గంటలకు ఆగుతోందో చూడండి. న్యూయార్క్‌లో రాత్రి 10 అయితే ఎండాకాలం ఇక్కడ ఉదయం 7:30, చలికాలం 8:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది.

రెండు సిమ్‌ల ఫోన్లలో ఇంకో సంగతి. రెండో సిమ్‌కు మామూలు కాల్ వచ్చి ఎత్తితే, చాలా ఫోన్లలో డేటా ఆగి యాప్ కాల్ ‘రీకనెక్టింగ్’లో పడుతుంది. వైఫై మీద ఉంటే డేటా పోదు, యాప్ కాల్ హోల్డ్‌లో ఉంటుంది.

తెలియని విదేశీ నంబర్లు

2023 మేలో +84, +62, +254తో మొదలయ్యే నంబర్ల నుంచి వాట్సాప్ మిస్డ్ కాల్స్ దేశమంతా వచ్చాయి. ఆ తర్వాతే, జూన్‌లో, తెలియని నంబర్లను మౌనంగా ఉంచే స్విచ్ వచ్చింది. పెద్దవాళ్ళ ఫోన్‌లో అది ఆన్ చేసే ముందు విదేశంలో ఉన్న పిల్లల నంబర్లన్నీ దేశపు కోడ్‌తో సహా సేవ్ చేయండి, లేకపోతే వాళ్ళ కాల్ కూడా మోగదు. యూనిఫామ్ వేసుకుని వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్ట్’ అన్నవాడు దొంగే. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి.

ఆరు నెలలకు అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు

బెంగళూరు సిమ్ తీసి బీరువాలో పెట్టకండి. ఫోన్ రెండో స్లాట్‌లో, డేటా రోమింగ్ ఆపి ఉంచండి. యాప్‌కు నమోదైన సిమ్ ఫోన్‌లో ఉంటేనే ఆ యాప్ పనిచేసేలా మార్చాలని టెలికాం శాఖ 2025 నవంబరులో మెసేజింగ్ యాప్‌లను ఆదేశించింది. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు దేనికీ వాడకపోతే ఆపేయొచ్చు, ఖాతాలో 20 రూపాయలు ఉంటే అలా ఆపకుండా గడువు పొడిగిస్తారు. అక్కడి సిమ్ వేసుకున్నాక ‘నంబర్ మార్చాలా’ అని వాట్సాప్ అడిగితే వద్దనే చెప్పండి, పాత నంబరు మీదే చుట్టాలందరికీ దొరుకుతారు. ప్రయాణానికి ముందే టూ స్టెప్ వెరిఫికేషన్‌లో 6 అంకెల పిన్ పెట్టి, దాన్ని పాస్‌పోర్టు కవరులో కాకుండా ఇంట్లో ఉండేవాళ్ళ దగ్గర రాయించి ఉంచండి.